బాపు కాలు విరిగింది, యాక్సిడెంట్ క్లెయిమ్ ఎంత వస్తదో తెలిసినోళ్లు జర చెప్పుండ్రి

కొత్తవాడ బిడ్డ:

అందరికీ నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. మా బాపు గుంత మగ్గం మీద జంపఖానాలు నేస్తడు. మొన్న ఆగస్టుల హసన్‌పర్తిల మా మేనత్త ఇంటికి పోయి టీవీఎస్ బండి మీద తిరిగి వస్తాంటే, భీమారం కాడ వెనుక నుంచి కారు గుద్దింది. కుడి కాలు మోకాలి కింద రెండు బొక్కలూ విరిగినయి. ఆ రాత్రి ఎంజీఎం సర్కారు దవాఖానకు తీస్కపోయినం, తెల్లారి ప్రైవేటుకు మార్చినం. రాడ్ వేసిండ్రు. తర్వాత చీము పట్టి మల్ల ఇంకో ఆపరేషన్. ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తాండు గని చీలమండ వంగుతలేదు.

కేసైతే అయింది, ఎఫ్‌ఐఆర్ ఉన్నది. కారుకు ఇన్సూరెన్స్ సుత ఉన్నదట. ఇప్పుడు నా బాధేందంటే, ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెప్తాండ్లు. కారాయన మనిషిని పంపి "లక్షన్నర ఇస్తం, కాయిదం మీద సంతకం పెట్టుండ్రి, కోర్టులెందుకు" అంటాండు. దవాఖాన కాడ కలిసిన ఒకాయన "30 లక్షలు తెస్త, అందుల ముప్పై శాతం నాకు" అంటాండు. మా చిన్నాయన "కాలే కదా, పాణం పోలేదు కదా, మూడు లక్షలు వస్తే గొప్ప" అంటాండు.

డాక్టర్ సారు 35 శాతం అంగవైకల్యం అని చెప్పిండు. 35 శాతం అంటే దేంట్ల 35 శాతం? దానికి రేటేమన్న ఉంటదా?

ఇంకొన్ని ముచ్చట్లు దాయకుండ చెప్తాన. బాపుకు లైసెన్స్ లేదు. ఆనాడు హెల్మెట్ లేదు. డివైడర్ సందు కాడ బండి మలుపుతాంటే గుద్దిండు, అందుకే కారాయన "తప్పు మీదే" అంటాండు. చేనేత సంఘం నుంచి నెలకు 12 వేల దాక కూలి వచ్చేది, ఐటీ గీటీ ఏం లేవు. దవాఖాన బిల్లులు రెండు లక్షల 80 వేల దాక ఉన్నయి, కొన్ని దొరుకుతలేవు. ఆధార్‌ల పుట్టిన తేదీ 1973 జనవరి 1 అని ఉన్నది.

కాజీపేట కుర్రోడు:

మా దోస్తు వాళ్ల బాబాయికి గిట్లనే కాలు విరిగితే 18 లక్షలు వచ్చినయి అక్కా. 15 కంటే కిందికి అస్సలు దిగకుండ్రి.

పాత ఫైళ్ల మనిషి:

బిడ్డా, నేను ఒక ఇన్సూరెన్స్ కంపెనీల థర్డ్ పార్టీ క్లెయిముల సెక్షన్‌ల (అంటే మా పాలసీ ఉన్న బండి గుద్దితే దెబ్బ తిన్న బయటోళ్ల క్లెయిములు) పనిచేసి రిటైరైన. అంటే ఇన్నేండ్లు మీ బాపు అసుంటోళ్లకు ఎదురుంగ కూసున్నోణ్ని. కోర్టు నోటీసు అందంగనే "ఈ కేసుకు ఇంత పక్కకు పెట్టాలె" అని ఫైల్ల ఒక అంకె రాసుకునేది మేము. ఆ అంకె ఎట్ల పుడ్తదో చెప్త, మిగిలింది నీకే సమజైతది.

ముందు కాజీపేట తమ్మునికి ఒక మాట. పక్కింటాయన కాలికి వచ్చిన పైసలు మన కాలికి రావు. ఆయన వయసెంత, చేసే పనేంది, జీతానికి కాయిదం ఉన్నదా, కాలు అతికిందా తీసేసిండ్రా, ఇవేం చెప్పకుండ ఒట్టి అంకె చెప్తే ఆ పిల్ల ఆగమైతది.

35 శాతం సంగతి చూద్దాం. ఎముకల డాక్టర్ రాసే శాతం మామూలుగా ఆ ఒక్క కాలుది. మొత్తం మనిషిని తీసుకుంటే అంత ఉండదు. మా ఆఫీసుల అయితే దాన్ని మూడో వంతు చేసి 12 అని రాసుకునేటోళ్లం, మా వకీలు గదే వాదించేటోడు. మీ తరఫు వకీలు 35కు 35 అడిగేటోడు. నిజానికి ఈ రెండూ అసలు ప్రశ్న కావు. 2010ల రాజ్ కుమార్ కేసుల సుప్రీంకోర్టు చెప్పిందేందంటే, దెబ్బ శాతం వేరు, సంపాదన మీద పడ్డ దెబ్బ వేరు. ఎడమ చెయ్యి పోయినోడు డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, అదే సర్కారు ఆఫీసుల గుమాస్తా అయితే కొలువు పోకపోవచ్చు అని ఆ తీర్పులనే ఉన్నది. అందుకని ట్రిబ్యునల్ (ఈ యాక్సిడెంట్ క్లెయిములు తేల్చే కోర్టు) ముందు చూసేది మూడు: ఈ మనిషి ఇంతకు ముందు ఏం పని చేసేటోడు, ఇప్పుడు ఆ పనిల ఏది చేయగలడు ఏది చేయలేడు, ఆ పని కాకుంటే బతకనీకె వేరే పని చేయగలడా.

మీ బాపు గుంత మగ్గం నేసెటోడు అన్నవు చూడు, ఆ ఒక్క మాట మీద నీ కేసు నిలబడ్తది. ఆఫీసు రూముల కూసునే వకీలుకు గుంత మగ్గం అంటే ఏందో తెల్వకపోవచ్చు. మనిషి గట్టు మీద కూసుంటడు, కాళ్లు గుంతల ఉంటయి, కింద చెక్కలు ఒకటి తర్వాత ఒకటి తొక్కితెనే పడుగు (నిలువు దారాలు) విడిపోయి, నడుమ నుంచి నాడె (అడ్డదారం మోసేది) పోతది. చీలమండ వంగకుంటే తొక్కుడు లేదు. తొక్కుడు లేకుంటే నేత లేదు. కుర్చీల కూసుని లెక్కలు రాసుకునే మనిషికి ఇదే కాలు విరిగి ఇదే 35 శాతం రాస్తే సంపాదనల పెద్దగ ఏం పోదు. మీ బాపుకు సగం కంటే ఎక్కువనే పోతది. ఇది జడ్జి సారుకు కండ్లకు కట్టినట్టు చెప్పాలె. మగ్గం ఫొటోలు తీయుండ్రి, కాళ్లు ఎక్కడ పెడ్తరో కనపడేటట్టు. మగ్గానికి సర్కారోళ్లు ఏసిన జియో ట్యాగ్ నంబర్ ఉంటే అది సుత ఫొటోల రావాలె.

ఇగ లెక్క. నెల ఆదాయాన్ని పన్నెండుతోని గుణిస్తరు. దానికి "ముందు ముందు పెరిగే ఆదాయం" అని కొంత కలుపుతరు. 2017ల ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం సొంత పని చేసుకునేటోళ్లకు 40 ఏండ్ల లోపైతే 40 శాతం, 40 నుంచి 50 దాక 25, 50 నుంచి 60 దాక 10. అది చనిపోయినోళ్ల కేసు గని, గాయాల కేసులకు సుత కలపాలె అని 2020ల పప్పు దేవ్ యాదవ్ కేసుల తేల్చిండ్రు. ఆ వచ్చినదాన్ని వయసును బట్టి ఒక అంకెతోని గుణిస్తరు. 2009 నాటి సర్లా వర్మ పట్టిక అది. 46 నుంచి 50 ఏండ్లకు 13, 51 నుంచి 55కు 11, 56 నుంచి 60కి 9, గట్ల తగ్గుకుంట పోతది. ఆఖరుకు సంపాదన ఎంత శాతం పోయిందో, ఆ మొత్తంల అంత శాతం లెక్కగట్టి ఇస్తరు.

మీ బాపు ఆధార్ ప్రకారం 52. నెలకు 12,000 అంటే ఏడాదికి 1,44,000. పది శాతం కలిపితే 1,58,400. దాన్ని 11తోని గుణిస్తే 17,42,400. ఇదీ మొత్తం. ఇందుల మా లెక్క 12 శాతమైతే రెండు లక్షల తొమ్మిది వేలు. 35 శాతమైతే ఆరు లక్షల పైన. 60 శాతమని ఒప్పిస్తే 10,45,440.

ఇప్పుడు ఆధార్ మీద ఒక మాట. జనవరి 1 పుట్టినరోజు చూడంగనే నాకు అనుమానం వస్తది. తేదీ తెల్వనోళ్లందరికీ కార్డుల జనవరి ఒకటే రాసిండ్రు. బాపు బడికి పోయిండా? టీసీ ఉంటే తీయించుండ్రి. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదు, బడి సర్టిఫికెట్‌ను తీసుకోవాలె అని 2024 అక్టోబర్‌ల సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాదం కేసులనే చెప్పింది. టీసీల 50 లోపు తేలితే, కలిపేది పదికి బదులు 25 అయితది, గుణించేది 11కు బదులు 13 అయితది. అదే మొత్తం 23,40,000కు పోతది. టీసీల ఎక్కువ వయసు ఉంటే మాత్రం దానికి సుత తయారుండాలె, మా అసుంటోళ్లు అది తీయకుండ ఊకోరు.

ఆదాయం కాయిదం లేకుంటే ట్రిబ్యునలే ఒక అంకె అనుకుంటది. అది మామూలుగా మీరు చెప్పినదాని కంటే తక్కువనే ఉంటది. 9,000 అనుకున్నరనుకో, 52 ఏండ్లకు మొత్తం 13,06,800, అందుల 12 శాతం అంటే 1,56,816. చూసినవా? కారాయన చెప్పే లక్షన్నర గాలిలకెళ్లి రాలే. అన్ని కాయిదాలు లేని చోట, అన్నీ మీకు ఎదురైన చోట వచ్చే అంకె అది. అన్నీ రుజువైతే అదే కాలికి, 49 ఏండ్లు, 12,000, 60 శాతం పెట్టి చూస్తే 14,04,000. 30 లక్షలు తెస్తనన్నోనికి మాత్రం ఒక దండం పెట్టి పంపుండ్రి. వచ్చేదాంట్ల వాటా మాట్లాడుకునుడు వకీళ్లకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారమే నిషిద్ధం, నడిమిట్లోనికి ఏం హక్కున్నది?

ఇదంతా రేపటి సంపాదన ఒక్కదాని లెక్క. దీని మీద మందుల బిల్లులు, దవాఖానకు తిరిగిన కిరాయిలు, పనికి పోని నెలల కూలి, పక్కన ఉండి చూసుకున్నోళ్ల ఖర్చు, రేపు రాడ్ తీసేతందుకు అయ్యేది, నొప్పికి కొంత, ఇదివరకు లెక్క బతకలేక పోతున్నందుకు కొంత. నొప్పికి సూత్రం లేదు, జడ్జిని బట్టి ఉంటది. మీ అమ్మ దగ్గరుండి చేసిన సేవకు జీతం రశీదు లేదని వదలకుండ్రి, ఇంటోళ్లు చేసిన చాకిరికి సుత లెక్క కడ్తరు.

బిల్లుల కాడ మేము ఏం చూసేటోళ్లమంటే, మందు చీటీ తేదీ, బిల్లు తేదీ, డిశ్చార్జ్ కాయిదం ఒక దానికొకటి సరిపోతున్నయా అని. నడుమ ఎన్నో రోజులు వైద్యం ఆపితే "మీరే పట్టించుకోలే, అందుకే చీము పట్టింది" అని రాసేటోళ్లం. నాటు కట్టు కట్టించుకున్నరా అని తప్పకుండ అడుగుతరు. పోయిన బిల్లులకు దవాఖానల కంప్యూటర్ల డూప్లికేట్ దొరుకుతది, సంతకం ముద్ర వేయించుకొని తెచ్చుకోండ్రి.

ఆ లక్షన్నర కాయిదం మీద సంతకం మాత్రం పెట్టకుండ్రి.

నల్లకోటు హన్మకొండ:

పైన పెద్దాయన చెప్పిన లెక్క సరిగ్గానే ఉన్నది. నేను హన్మకొండ కోర్టుల వకీలుగ ప్రాక్టీస్ చేస్తున్న. ఆయన ముట్టని కొన్ని చెప్త.

మొదటిది గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలని చట్టంలో ఉన్నది. దీని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తున్నది, దాన్ని నమ్ముకొని కూర్చోవద్దు. మీకు ఆగస్టు అంటే ఫిబ్రవరి. వడ్డీ సుత పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కిస్తరు, మామూలుగా 6 నుంచి 9 శాతం మధ్యల ఇస్తరు. తొందరగ వేస్తే అదీ లాభమే. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరుండే చోటి ట్రిబ్యునల్‌ల వేయొచ్చు.

లైసెన్స్ లేకపోవుడు ఒక్కటే తప్పు కిందికి రాదు. పోలీసోళ్లు దానికి జరిమానా వేస్తే వేయొచ్చు, కాని ప్రమాదానికి అదే కారణమని చూపిస్తేనే పరిహారంల కోత. హెల్మెట్ లేకపోతే తల పగిలిన కేసుల వాదన పనికొస్తది, కాలు విరిగిన కేసుల దానికి సంబంధం లేదు. మీకు ఇబ్బంది ఉన్నది డివైడర్ కాడ మలుపుడు. బండి సగం మలిగిన తర్వాత గుద్దిండా, సిగ్నల్ ఇచ్చిండా, కారు వేగం ఎంత? కోర్టు "ఇద్దరిదీ తప్పు, బండాయనది నాలుగోవంతు" అన్నదంటే మొత్తం పైసలల్ల నాలుగోవంతు పోతది. పద్నాలుగు లక్షలల్ల మూడున్నర లక్షలు. అందుకని పోలీసుల పంచనామా, అక్కడ గీసిన స్కెచ్, మోటారు వాహనాల ఇన్స్పెక్టర్ రిపోర్టు, చార్జిషీటు నకళ్లు తీసుకోండి. కారు ముందు భాగం బండి వెనుక భాగాన్ని గుద్దిందని రిపోర్టుల ఉంటే మీకు బలం. పక్కన దుకాణాలల్ల కెమెరాలుంటే అడగండి, ఇన్ని నెలల తర్వాత ఉంటదన్న ఆశ తక్కువ గని అడిగితే పోయేదేం లేదు.

కొత్త రూల్స్ ప్రకారం పోలీసులు 48 గంటలల్ల మొదటి రిపోర్టు, 90 రోజులల్ల వివరమైన రిపోర్టు ట్రిబ్యునల్‌కు ఇవ్వాలె. మీ స్టేషన్ల అది పోయిందా లేదా కనుక్కోండి.

ఇంకొకటి. తప్పెవరిదో రుజువు చేయకుండనే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే సెక్షన్ 164 ఉన్నది. కంపెనీ అది ఆశ చూపెట్టొచ్చు. అది తీసుకుంటే మీ పెద్ద పిటిషన్ అక్కడికే ఆగిపోతది. మీ లెక్క ఎక్కువ కనపడ్తున్నప్పుడు దాని జోలికి పోవద్దు.

కొత్తవాడ బిడ్డ:

మీ ఇద్దరికీ మస్తు థాంక్స్. నాకు ఏడుపొచ్చింది చదివినంక. టీసీ దొరికింది! బాపు ఎల్బీనగర్ కాడి సర్కారు బడిల ఐదో తరగతి దాక చదివిండట, అందుల పుట్టింది 1976 మే అని ఉన్నది. అంటే ప్రమాదం నాటికి 49.

ఆదాయం కాయిదానికి ఏం జెయ్యాలె సర్? సంఘంల కూలి చేతికే ఇస్తరు. ఒక రిజిస్టర్ల వేలిముద్రో సంతకమో తీసుకుంటరు. బ్యాంకుల పొదుపు ఖాతా ఒకటున్నది, సర్కారు సుత దాంట్లేస్తది. నెలకు 960 బాపుది పోతది.

అసలు ఇబ్బంది ఇంకోటున్నది. బాపు కోర్టుకు వస్తనంటలేడు. "నేను ఎందుకు పనికి రానని నలుగుట్ల చెప్పాల్నా" అంటాండు. మొన్న మాకు తెల్వకుండ మగ్గం మీద కూసున్నడు. జరసేపు నేసి, నొప్పికి ఓర్వలేక దిగిండు. మా తమ్ముడు దాన్ని ఫోన్ల వీడియో తీసిండు సంబురంతోని. కాలనీ వాట్సాప్ గ్రూపుల పెడ్తాంటే నేనే ఆపిన. ఇప్పుడు ఆ వీడియో తీసెయ్యాల్నా?

కరీంనగర్ వాణి:

చెల్లె, నా ముచ్చట వేరు గని జర చెప్త, ఇక్కడ చదివేటోళ్లకు పనికొస్తది. మాది మా బావగారి కారు. మానకొండూరు దాటినంక కారు చెట్టుకు గుద్దింది, నేను వెనుక సీట్ల ఉన్న. భుజం విరిగింది. ఇన్సూరెన్స్ ఉన్నది కదా అనుకున్నం. తీరా చూస్తే కారుకు ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ. అందుల కార్ల కూసున్నోళ్లకు రాదట, ఫుల్ పాలసీ అయితేనే వస్తదట. కేసు వేస్తే పైసలు ఇయ్యాల్సింది బావగారే. ఇంట్ల మనిషి మీద కేసెట్ల వేస్తం? మా అక్క మొకం చూసి ఊకున్న.

నేను కుట్టు మిషన్ మీద బ్లౌజులు కుడ్త. కుడి భుజం పైకి లేస్తలేదు. నాది డాక్టర్ 20 శాతం అన్నడు. కత్తెర పట్టెటోళ్లకు 20 శాతం అంటే ఏందో ఆయనకేం తెల్సు. పెద్దాయన చెప్పినట్టు పని చెప్పాలె, శాతం కాదు.

మీ కారాయన పాలసీ నకలు చూడు చెల్లె, ప్రమాదం నాటికి అది నడుస్తాందా లేదా. మీ బాపు రోడ్డు మీద బండి మీదున్నడు కాబట్టి థర్డ్ పార్టీ పాలసీ అయినా వస్తది, అందుకు భయం లేదు.

పాత ఫైళ్ల మనిషి:

వాణమ్మ చెప్పింది నూరుపాళ్లు నిజం. నాలుగు పైసలు మిగిలినయని కారుకు థర్డ్ పార్టీ ఒక్కటి కట్టెటోళ్లు ఇది చదవాలె. డ్రైవింగ్ సీట్ల కూసున్న ఓనరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటది, వెనుక సీట్ల కూసున్న మరదలికి ఏముండదు.

ఇప్పుడు బిడ్డ అడిగినదానికి.

960 అన్నవా? ఆ అంకె చూడంగనే నాకు ప్రాణం లేచొచ్చింది. సర్కారు నేతన్నల పొదుపు పథకంల నేతకార్మికుడు తన కూలిల 8 శాతం కడ్తడు, సర్కారు దానికి అదే కూలిల 16 శాతం కలుపుతది. 8 శాతం 960 అయితే కూలి ఎంత? 12,000. బ్యాంకు స్టేట్‌మెంట్ల ప్రమాదానికి ముందు నెలలన్నీ 960 చొప్పున ఉన్నయా చూడు. ఉంటే మీ బాపు నెల కూలికి సర్కారే సాక్షి. ప్రమాదం నుంచి ఆ ఖాతాల బాపు వాటా పడకుండ ఆగి ఉంటది, అది సుత రుజువే, పని ఎప్పుడు ఆగిందో తేదీతో సహా చెప్తది. దీన్ని కొట్టిపారేయాలంటే మా వకీలుకు సుత కష్టమైతుండె.

వీడియో తీసెయ్యకు. మేము ఇన్వెస్టిగేటర్‌ను పంపేటోళ్లం, కొత్తవాడకు పంపితే ఆయన చాయ హోటల్ల కూసుని "ఫలానాయన మగ్గం నేస్తాండా" అని అడిగేటోడు. ఎవరో ఒకరు "ఆఁ, మొన్న నేసిండు" అంటరు. ఆయన గదే రాసుకొస్తడు. క్రాస్ ఎగ్జామినేషన్ల మీ బాపును "మీరు ఇప్పుడు నేస్తున్నరు కదా" అని అడుగుతరు. "అస్సలు కూసోలేను" అని అబద్ధం చెప్పినోని కేసు అక్కడనే కూలుతది, నేను కండ్లార చూసిన. "కూసుంట, జరసేపు నేస్త, కాలు తిమ్మిరెక్కి నొప్పి లేస్తది, దిగుత, ఇదివరకు నాలుగు రోజులల్ల తీసే జంపఖానా ఇప్పుడు ఎప్పటికి అయితదో చెప్పలేను" అంటే ఆ మాట నిలబడ్తది. పూర్తి వీడియోల దిగేటప్పుడు ఆయన మొకం ఎట్లున్నదో కనపడ్తాంటే అది మీకే పనికొస్తది.

నలుగుట్ల పనికిరానని చెప్పుడు అని బాధపడ్తాండన్నవు. బాపుకు ఇట్ల చెప్పి చూడు. కోర్టు ఆయనను పనికిరానోడని రాయదు. ఏ పని రాదు, ఏ పని వస్తది అని రాస్తది. కండెలు చుట్టుడు, పడుగు పనులు, సంఘంల సరుకు లెక్క చూసుడు, ఇవి చేయగలిగితే చేస్తనని చెప్పమను. అందుకే నేను 100 శాతం అనకుండ 60 శాతం పెట్టి లెక్క చెప్పిన. చేయి బాగుండి, తెలివి బాగుండి, ఐదో తరగతి చదివినాయన ఏ పనీ చేయలేడంటే ఏ జడ్జీ నమ్మడు. 60 వస్తదని నేను గ్యారంటీ ఇస్తలేను, 45 అన్నా అనొచ్చు. పప్పు దేవ్ యాదవ్ కేసుల టైపింగు, డేటా ఎంట్రీ పని చేసుకునే పిల్లగానికి చెయ్యి పోతే హైకోర్టు 45 పెట్టింది, సుప్రీంకోర్టు 65 చేసింది. ఒకే చెయ్యి, ఒకే ఫైలు, కోర్టు కోర్టుకు అంకె మారింది.

డాక్టర్ సాక్ష్యం గురించి నల్లకోటు తమ్ముడు చెప్పాలె, నాకు తెలిసింది చెప్త. సదరం సర్టిఫికెట్ (సర్కారు ఇచ్చే అంగవైకల్యం కాయిదం) పింఛనుకు పనికొస్తది, ఇక్కడ సుత పెట్టుకోండ్రి, కాని అదొక్కటి పెట్టి చేతులు దులుపుకోవద్దు. ఆపరేషన్ చేసిన డాక్టర్ వచ్చి "చీలమండ వంగదు, ఇగ వంగే ఆశ లేదు, గుంత మగ్గం తొక్కుడు కష్టం" అని నోటితోని చెప్పాలె. చూడని డాక్టర్ ఇచ్చిన రెడీమేడ్ సర్టిఫికెట్ మీద మా వకీళ్లు పడ్డంత ఇష్టంగ దేని మీదా పడరు.

నల్లకోటు హన్మకొండ:

డాక్టర్లు కోర్టుకు రానంటే కమిషన్ (కోర్టు తరఫున పోయి సాక్ష్యం రాసుకొచ్చే మనిషి) వేయించుకొని వాళ్ల దవాఖానలనే సాక్ష్యం తీసుకోవచ్చు, రాజ్ కుమార్ తీర్పులనే ఆ దారి చూపెట్టిండ్రు. పిటిషన్ల తక్కువ అడిగినమని భయపడే పని సుత లేదు. న్యాయమైనది అనిపిస్తే అడిగినదాని కంటే ఎక్కువ ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉన్నది. అట్లని 30 లక్షలు రాసి నవ్వులపాలు కావద్దు.

కొత్తవాడ బిడ్డ:

ఒక్క ఆఖరు ప్రశ్న సర్. లోక్ అదాలత్‌ల తొందరగ అయితదని మా చిన్నాయన అంటాండు. పోవచ్చా?

పాత ఫైళ్ల మనిషి:

పోవచ్చు, చెడ్డదేం కాదు. మేము లోక్ అదాలత్ ముందు ఫైళ్లు ఏరుకునేటోళ్లం. ఏ కేసుల ఓడిపోతమో, ఎక్కడ వడ్డీ మీద పడ్తదో, అవి రాజీకి పెట్టేటోళ్లం. అంటే కంపెనీ పిలుస్తాందంటే మీ కేసుల బలమున్నట్టే లెక్క. కాని అక్కడ ఒప్పుకున్నంక అప్పీలు లేదు, అదే ఆఖరు. డాక్టర్ సాక్ష్యం కాకముందే పోతే వాళ్లు 12 శాతం లెక్కనే మాట్లాడుతరు. సాక్ష్యం అయి, బ్యాంకు స్టేట్‌మెంట్, టీసీ ఫైల్ల పడ్డంక పోతే మాట వేరే ఉంటది. వచ్చే అంకెల కొంత తగ్గినా, హైకోర్టు అప్పీలు దాక లాగే ఏండ్లు మిగులుతయి కాబట్టి ఆలోచించుకోవచ్చు. మీరు ముందే ఇంటికాడ కూసుని, ఇంతకు తగ్గితే లేచి రావాలె అని ఒక అంకె అనుకొని పోండ్రి. ఆ అంకె మీ వకీలుకు చెప్పుండ్రి, మీ చిన్నాయనకు చెప్పకుండ్రి.

ఇంకోటి, ఈ వారంలనే సంఘం సెక్రటరీని కలువు. కూలి రిజిస్టర్ పట్టుకొని కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తడా అని సూటిగ అడుగు. జిరాక్సు నువ్వు తెస్తే సరిపోదు, అసలు రిజిస్టర్ ఆయన తేవాలె. రానంటే సమన్లు పంపియ్యొచ్చు, కాని ఇష్టంతోని వచ్చినోని సాక్ష్యం వేరే ఉంటది.